గ్రంథ సంచయం: ఎంపిక, సేకరణ, నిర్వహణ

నిర్వచనం, పరిధి

ఒక గ్రంథాలయం తన పాఠకుల కోసం సమకూర్చుకొని, క్రమపరచి, కాపాడుకొనే పుస్తకాలు, పత్రికలు, రాతప్రతులు, పటాలు, ధ్వని దృశ్య సామగ్రి, ఎలక్ట్రానిక్ వనరుల మొత్తాన్ని గ్రంథ సంచయం అంటారు. అందులోకి ఏది రావాలి, ఏ దారిన రావాలి, వచ్చినది ఎంతకాలం ఉండాలి, ఏది ఎప్పుడు బయటికి వెళ్లాలి అనే నిర్ణయాలను అధ్యయనం చేసే విభాగం గ్రంథాలయ శాస్త్రంలో సంచయ అభివృద్ధి, నిర్వహణ అనే పేరుతో ఉంది.

ఇందులో ఆరు పనులు గొలుసుకట్టుగా సాగుతాయి: పాఠక సమాజాన్ని తెలుసుకోవడం, విధానం రాసుకోవడం, ఎంపిక, సేకరణ, మూల్యాంకనం, ఏరివేత. జి. ఎడ్వర్డ్ ఎవాన్స్ 1979లో వెలువరించిన పాఠ్యగ్రంథం వీటిని ఒక చక్రంగా చూపింది. 1960ల దాకా ఈ విషయాన్ని 'పుస్తకాల ఎంపిక' అనే పేరుతోనే బోధించేవారు. ఆ తర్వాత 'సంచయ అభివృద్ధి', 1980ల నుంచి 'సంచయ నిర్వహణ' అనే పేర్లు స్థిరపడ్డాయి. పాశ్చాత్య విశ్వవిద్యాలయాల్లో డబ్బు పుష్కలంగా ఉన్న రోజుల్లో ఏం కొనాలన్నదే ప్రధానమైన ప్రశ్న. బడ్జెట్లు కుదించుకుపోయి, అరలు నిండిపోయాక, ఉన్నదాన్ని ఏం చేయాలన్న ప్రశ్న ముందుకొచ్చింది.

చరిత్ర: ఐరోపా, అమెరికా

గ్రంథాలయంలో ఏ పుస్తకాలు ఉండాలన్న ప్రశ్నను విడిగా చర్చించిన తొలి రచనల్లో ప్రసిద్ధమైనది ఫ్రాన్సులో గాబ్రియెల్ నోదే 1627లో ప్రచురించిన చిన్న పుస్తకం. ఒక వాదాన్ని సమర్థించే గ్రంథాల పక్కనే దాన్ని ఖండించే గ్రంథాలూ ఉండాలని, మతభేదం చూసి పుస్తకాన్ని తోసిపుచ్చరాదని ఆయన వాదించాడు. మత యుద్ధాల గాయాలు మానని దేశంలో ఈ మాట అనడం చిన్న విషయం కాదు.

ఎంపికలోనూ ఏరివేతలోనూ జరిగే పొరపాట్లకు ఆక్స్‌ఫర్డ్‌లోని బాడ్లియన్ గ్రంథాలయాన్ని తరచు ఉదాహరణగా చెబుతారు. స్థాపకుడు థామస్ బాడ్లీ 1610లో లండన్ ముద్రాపకుల సంఘంతో ఒప్పందం చేసుకొని, వారు అచ్చువేసే పుస్తకాల ప్రతి ఉచితంగా వచ్చేలా ఏర్పాటు చేశాడు. అయితే నాటకాలు, పంచాంగాల వంటి చిల్లర పుస్తకాలు తన గ్రంథాలయానికి తగవని కూడా ఆయనే భావించాడు. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటి ఆ ఒప్పందం ప్రకారం అక్కడికి చేరింది. 1660లలో మూడో ముద్రణ వచ్చాక, కొత్తది ఉండగా పాతది ఎందుకని దాన్ని వదిలించుకున్నారు. ఆ ప్రతి ఒక కుటుంబం ఇంట్లో ఉన్నట్టు 1905లో బయటపడింది. 1906లో చందాలు పోగుచేసి 3,000 పౌండ్లకు తిరిగి కొన్నారు. 'కొత్త ముద్రణ వస్తే పాతది అనవసరం' అనే సూత్రం వైద్య, న్యాయ గ్రంథాలకు నేటికీ సరైనదే, సాహిత్యానికి మాత్రం చెల్లదని ఈ ఉదంతం చూపుతుంది.

అమెరికాలో కాంగ్రెస్ గ్రంథాలయం 1800లో ఏర్పడి, 1814లో బ్రిటిష్ సైన్యం వాషింగ్టన్‌కు పెట్టిన మంటల్లో కాలిపోయింది. మరుసటి ఏడు థామస్ జెఫర్సన్ సొంత సంచయంలోని 6,487 సంపుటాలను 23,950 డాలర్లకు కొన్నారు. తత్త్వశాస్త్రం, పరభాషా గ్రంథాలు చట్టసభకు దేనికని కొందరు సభ్యులు అభ్యంతరం చెప్పారు. శాసనకర్తకు అవసరపడని విషయమంటూ ఏదీ లేదని జెఫర్సన్ సమాధానం. ఆ గ్రంథాలయం అన్ని విషయాలనూ, అన్ని భాషలనూ సేకరించే సంస్థగా ఎదగడానికి ఈ కొనుగోలే పునాది. తెలుగు పుస్తకాలు అక్కడికి చేరడం వెనక కూడా ఈ దృక్పథమే ఉంది.

బ్రిటన్‌లో 1850 నాటి ప్రజా గ్రంథాలయాల చట్టం తర్వాత పన్ను డబ్బుతో కొనే పుస్తకాలు ఎలా ఉండాలన్న వివాదం మొదలైంది. అమెరికాలో బోస్టన్ ప్రజా గ్రంథాలయ స్థాపకులు 1852 నివేదికలోనే, జనాదరణ ఉన్న పుస్తకాలకు ఎక్కువ ప్రతులు కొనాలని సూచించారు.

చరిత్ర: తెలుగు ప్రాంతాలు

ఆస్థానాలు, మఠాలు, పండితుల ఇళ్లు తెలుగు తాళపత్రాలకు తొలి నిలయాలు. ఉద్దేశపూర్వకంగా, ఊరూరా మనుషులను పంపి సామగ్రి సేకరించే పద్ధతి పందొమ్మిదో శతాబ్ది ఆరంభంలో కాలిన్ మెకంజీతో పెద్ద ఎత్తున కనిపిస్తుంది. కావలి బొర్రయ్య, కావలి లక్ష్మయ్య సోదరులు ఆయనకు కుడిభుజాలుగా నిలిచి శాసనాల నకళ్లు, గ్రామాల చరిత్రలు, రాతప్రతులు సమకూర్చారు. చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. ఒకే కావ్యానికి దొరికిన పలు ప్రతులను తెప్పించి, జీతమిచ్చి పెట్టుకున్న పండితులతో పాఠాలు సరిచూపించి, శుద్ధప్రతులు రాయించాడు. సేకరణ, పాఠ పరిష్కరణ ఆయన దగ్గర ఒకే పనిగా సాగాయి. ఈ ఇద్దరి సేకరణల్లో ప్రధాన భాగం మద్రాసులోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయానికి చేరింది.

ప్రజల గ్రంథాలయాల యుగం తర్వాత వచ్చింది. రాజమండ్రిలోని గౌతమి గ్రంథాలయం మూలాలు 1898 నాటివి. హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం 1901లో, హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయం 1904లో, వేటపాలెంలో సారస్వత నికేతనం 1918లో ఏర్పడ్డాయి. 1914 ఏప్రిల్‌లో చిలకమర్తి లక్ష్మీనరసింహం అధ్యక్షతన బెజవాడలో జరిగిన సభలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది. అయ్యంకి వెంకటరమణయ్య దానికి ప్రాణం.

ఈ గ్రంథాలయోద్యమ కాలంలో ఎంపిక ఎక్కువగా విరాళాల మీద, చందాల మీద ఆధారపడింది. పత్రిక తెప్పించడం, తెప్పించిన సంచికను పారేయకుండా బైండు చేయించడం వారికి అలవాటు. సారస్వత నికేతనంలో ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల తెలుగు పత్రికల సంపుటాలు నేటి పరిశోధకులకు దొరకడానికి ఆ అలవాటే కారణం. నిజాం రాజ్యంలో తెలుగు గ్రంథాలయం పెట్టడమే ఒక భాషా కార్యక్రమం కాబట్టి అక్కడ ఎంపికకు మరో అర్థం ఉండేది. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం స్థాపకుల్లో ఒకరైన కొమర్రాజు లక్ష్మణరావు, చరిత్ర, విజ్ఞాన విషయాలపై తెలుగులో పుస్తకాలే తగినన్ని లేని లోటును గుర్తించి 1906లో విజ్ఞాన చంద్రికా మండలి ద్వారా వాటిని రాయించి అచ్చువేయించారు. అరలో పెట్టవలసిన పుస్తకం లేకపోతే పుట్టించాలన్న ఈ పట్టుదల ఎంపిక సిద్ధాంతాల పాఠ్యగ్రంథాల్లో అరుదుగా కనిపిస్తుంది. (చూ. గ్రంథాలయోద్యమం, విజ్ఞాన చంద్రికా మండలి)

ఎంపిక సిద్ధాంతాలు

పాఠకుడు అడిగినది కొనాలా, పాఠకుడికి మేలు చేసేది కొనాలా అన్నదే సిద్ధాంత చర్చ అంతటికీ కేంద్రం. మొదటి పక్షాన్ని గిరాకీ సిద్ధాంతమనీ, రెండోదాన్ని విలువ సిద్ధాంతమనీ అంటారు. లయొనెల్ మెక్‌కాల్విన్ 1925లో రాసిన గ్రంథం గిరాకీకి తూకం కట్టే ప్రయత్నం చేసింది. ఎంతమంది అడుగుతున్నారన్నదాన్ని, ఆ అవసరం ఎంత బరువైనదన్నదాన్ని కలిపి లెక్కించాలని ఆయన ప్రతిపాదన. ఫ్రాన్సిస్ డ్రూరీ 1930లో, తగిన పాఠకుడికి తగిన పుస్తకం తగిన వేళలో అందడాన్ని ఎంపిక లక్ష్యంగా నిలిపాడు. హెలెన్ హెయిన్స్ 1935లో పుస్తకాన్ని లోపలినుంచి అంచనా వేసే పద్ధతులు నేర్పింది. ఎంపికదారు విస్తారంగా చదివినవారై ఉండాలని ఆమె పట్టుబట్టింది.

ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన ఐదు సూత్రాలు ఈ చర్చను మరో మార్గం పట్టించాయి. పుస్తకాలు వాడుకోవడానికే, ప్రతి పాఠకుడికీ తన పుస్తకం, ప్రతి పుస్తకానికీ తన పాఠకుడు, పాఠకుడి కాలం ఆదా చేయాలి, గ్రంథాలయం పెరిగే జీవి అన్నవి ఆ సూత్రాలు. రెండో సూత్రం గిరాకీని గౌరవిస్తుంది, మూడోది ఎవరూ అడగని పుస్తకం పక్షాన కూడా నిలబడుతుంది. ఒక పుస్తకం అరలోంచి కదలకపోతే తప్పు పుస్తకానిది మాత్రమే కాకపోవచ్చు, దాన్ని పాఠకుడికి పరిచయం చేయని గ్రంథాలయానిది కూడా కావచ్చు. ఎంపికపై ఆయన విడిగా రాసిన గ్రంథం 1952లో వెలువడింది. (చూ. రంగనాథన్, ఎస్.ఆర్.)

ఎంపిక, నిషేధం

ఎన్నుకోవడమంటే మిగిలినవాటిని వదిలేయడమే కాబట్టి, ఎంపికకూ నిషేధానికీ తేడా ఏమిటన్న ప్రశ్న తప్పదు. లెస్టర్ ఆషైమ్ 1953లో రాసిన వ్యాసం దీనికి ఆధారంగా నిలిచింది. ఎంపికదారు పుస్తకాన్ని ఉంచడానికి కారణం వెతుకుతాడు, నిషేధకుడు తీసేయడానికి కారణం వెతుకుతాడు. మొదటివాడు పుస్తకాన్ని మొత్తంగా చూస్తాడు, రెండోవాడు అందులోంచి కొన్ని పంక్తులను విడదీసి చూస్తాడు. ఇదీ ఆ వ్యాస సారం. అమెరికన్ గ్రంథాలయ సంఘం 1939లోనే గ్రంథాలయ హక్కుల ప్రకటన చేసింది. రచయిత జాతి, మతం, రాజకీయ అభిప్రాయం పుస్తకాన్ని తిరస్కరించడానికి కారణం కాకూడదన్నది అందులోని ప్రధానాంశం.

డబ్బు లేదనే మాట చాటున కూడా నిషేధం సాగవచ్చు. రాతపూర్వకమైన విధానం ఉండాలని గ్రంథాలయ శాస్త్రవేత్తలు పట్టుబట్టడానికి ఇది ఒక ముఖ్య కారణం.

సంచయ విధాన పత్రం

గ్రంథాలయం ఎవరి కోసం, ఏ విషయాల్లో, ఏ భాషల్లో, ఎంత లోతుగా సేకరిస్తుందో, విరాళాలను ఏ షరతులపై తీసుకుంటుందో, అభ్యంతరాలు వస్తే ఎలా విచారిస్తుందో, ఏరివేతకు ఏ ప్రమాణాలు పాటిస్తుందో చెప్పే పత్రమిది. లోతును కొలవడానికి అమెరికన్ పరిశోధన గ్రంథాలయాల బృందం 1980 ప్రాంతంలో కాన్‌స్పెక్టస్ అనే కొలమానం రూపొందించింది. అందులో సున్నా అంటే ఆ విషయం సేకరణ పరిధిలో లేదని. 1 కనీస స్థాయి, 2 ప్రాథమిక సమాచార స్థాయి, 3 బోధనకు సరిపడే స్థాయి, 4 పరిశోధన స్థాయి, 5 సమగ్ర స్థాయి. ఒక జిల్లా కేంద్ర గ్రంథాలయం స్థానిక చరిత్రలో 4నీ, వైద్యంలో 2నీ లక్ష్యంగా పెట్టుకోవచ్చు. అన్నింట్లో 5 అందుకోవడం ఏ గ్రంథాలయానికీ సాధ్యం కాదు.

సేకరణ మార్గాలు

కొనుగోలు, చట్టబద్ధ సమర్పణ, విరాళం, మార్పిడి ముఖ్యమైనవి. అమెరికాలో 1960లలో రిచర్డ్ ఏబెల్ వ్యాప్తిలోకి తెచ్చిన ముందస్తు ఒప్పంద పద్ధతిలో, గ్రంథాలయం తన విషయ పరిధిని రాసిస్తే పంపిణీదారు సరిపడే కొత్త పుస్తకాలను తానే పంపుతాడు, నచ్చనివి తిప్పి పంపవచ్చు. భారతీయ కళాశాలల్లో పుస్తక విక్రేత పుస్తకాలు తెచ్చి చూపడం, అధ్యాపకులు గుర్తుపెట్టడం, గ్రంథాలయ సంఘం ఆమోదించడం ఎక్కువగా కనిపించే పద్ధతి. విరాళాలు ఉచితంగా కనిపిస్తాయి గాని సూచీకరణకు, స్థలానికి, బైండింగుకు ఖర్చవుతుంది. దాత సంచయాన్ని విడదీయరాదనే షరతు పెడితే ఆ ఖర్చు శాశ్వతమవుతుంది.

చట్టబద్ధ సమర్పణకు మూలం ఫ్రాన్సు రాజు మొదటి ఫ్రాన్సిస్ 1537లో జారీచేసిన శాసనం. భారతదేశంలో 1954 నాటి పుస్తకాల సమర్పణ చట్టం ప్రకారం ప్రచురణకర్త పుస్తకం వెలువడిన 30 రోజుల్లో తన ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికి ఒక ప్రతి, చెన్నైలోని కన్నెమరా, ముంబయి, ఢిల్లీ ప్రజా గ్రంథాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపాలి. 1956 సవరణతో వార్తాపత్రికలూ ఈ పరిధిలోకి వచ్చాయి. ఉల్లంఘనకు చట్టం పెట్టిన జరిమానా 50 రూపాయల దాకా, దానితోపాటు పుస్తకం విలువ. ఇంత తక్కువ జరిమానాతో చట్టం భయపెట్టలేదు. రచయితే సొంత ఖర్చుతో కొన్ని వందల ప్రతులు అచ్చువేసుకొని స్నేహితులకు పంచే పుస్తకాలు తెలుగులో చాలా ఉన్నాయి. అలాంటివి ఈ గ్రంథాలయాలకు చేరకుండా పోవడం సులువు. చేరినవాటి వివరాలు భారత జాతీయ గ్రంథసూచిలో నమోదవుతాయి, దానిలో తెలుగు విభాగం ఉంది. (చూ. జాతీయ గ్రంథాలయం, గ్రంథసూచి)

ప్రత్యేక ఉదంతం: పి.ఎల్. 480, తెలుగు పుస్తకాలు

తెలుగు పుస్తకాల సేకరణ చరిత్రలో అతి విస్తృతమైన ఏర్పాట్లలో ఒకటి గోధుమల వల్ల జరిగింది. 1954లో అమెరికా చేసిన పబ్లిక్ లా 480 కింద మిగులు ధాన్యాన్ని భారత్ వంటి దేశాలకు అమ్మి, ధరను ఆ దేశపు కరెన్సీలోనే తీసుకునేవారు. అలా అమెరికా ఖాతాలో కుప్పపడిన రూపాయలను భారత్‌లోనే ఖర్చు పెట్టాలి. ఆ సొమ్ముతో పుస్తకాలు కొనడానికి వీలు కల్పిస్తూ 1958లో సవరణ వచ్చింది. 1962లో కాంగ్రెస్ గ్రంథాలయం ఢిల్లీలో కార్యాలయం తెరిచింది.

ఆ కార్యాలయం భారతీయ భాషలన్నింటిలో వెలువడే పుస్తకాలను, పత్రికలను కొని, సూచీకరించి, కార్యక్రమంలో చేరిన అమెరికన్ విశ్వవిద్యాలయాలకు ఒక్కొక్క ప్రతి పంపింది. కొన్నవాటి జాబితాను అదే ఏడు నుంచి క్రమంగా ప్రచురించింది. షికాగో, విస్కాన్సిన్, బర్కిలీ వంటి చోట్ల తెలుగు అరలు ఇలా నిండాయి. ఒక్కొక్క పుస్తకాన్ని ఒక్కొక్క పాఠకుడి కోసం ఎంచే ప్రశ్న అక్కడ లేదు. పరిశోధనకు ఎప్పటికైనా పనికొస్తుందనే అంచనాతో విస్తృతంగా తీసుకోవడమే పద్ధతి. నవలలు, వారపత్రికలు, రాజకీయ కరపత్రాలు, ప్రభుత్వ నివేదికలు పక్కపక్కన చేరాయి. అప్పట్లో ఇక్కడి గ్రంథాలయాలు చవకబారు అని వదిలేసిన సామగ్రి కూడా అందులో ఉంది.

రూపాయి నిల్వలు కరిగిపోయాక ఆ విశ్వవిద్యాలయాలు సొంత డాలర్లు చెల్లించే సహకార పథకంగా ఇది కొనసాగింది. ఈ కార్యక్రమాన్ని రెండు కోణాల్లో చూడాలి. ఒక దేశపు ఆహార కొరత మరో దేశపు గ్రంథాలయాలను నింపిందన్నది నిజం. ఆ కొనుగోలు జరగకపోతే 1960లు, 70లలోని కొన్ని తెలుగు ప్రచురణలకు సూచీకరించిన ప్రతి ఎక్కడా మిగిలేది కాదన్నదీ నమ్మదగిన మాటే. విదేశాల్లో తెలుగు సాహిత్య పరిశోధనకు ఈ సంచయాలు దన్నుగా నిలిచాయి.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రజా గ్రంథాలయాలు

మద్రాసు ప్రజా గ్రంథాలయాల చట్టం 1948లో, హైదరాబాదు చట్టం 1955లో వచ్చాయి. రెండింటి స్థానంలో 1960లో ఆంధ్రప్రదేశ్ ప్రజా గ్రంథాలయాల చట్టం చేశారు. రాష్ట్ర విభజన తర్వాత రెండు రాష్ట్రాల్లోనూ దాని చట్రమే నడుస్తోంది. జిల్లా గ్రంథాలయ సంస్థ దాని కింద ప్రధాన యూనిట్. ఇంటి పన్నుపై రూపాయికి 8 పైసల చొప్పున విధించే గ్రంథాలయ సెస్సు దాని ఆదాయానికి ఆధారం. పన్ను వసూలు చేసేది పంచాయతీ లేదా మున్సిపాలిటీ, ఖర్చు పెట్టేది గ్రంథాలయ సంస్థ. వసూలైన సెస్సు సంస్థకు చేరడంలో జాప్యం జరిగి బకాయిలు పేరుకోవడం ఈ వ్యవస్థకు పాత జబ్బు. సెస్సు రాని ఏడాది ముందుగా కోతపడేది పుస్తకాల పద్దుకే, ఎందుకంటే జీతాలు, అద్దెలు, కరెంటు బిల్లులు ఆగవు.

కేంద్రం 1972లో కోల్‌కతాలో ఏర్పాటు చేసిన రాజా రామమోహన్‌రాయ్ గ్రంథాలయ ప్రతిష్ఠానం రెండు రకాలుగా సాయం చేస్తుంది. రాష్ట్రం తన వాటా జమచేస్తే దానికి తగ్గట్టు ఇచ్చేది ఒకటి, వాటా అడగకుండా ఇచ్చేది రెండోది. ఈ పుస్తకాలను కమిటీలు ఎంపిక చేస్తాయి.

కేంద్రీకృత ఎంపిక వల్ల ధరలో తగ్గింపు దొరుకుతుంది, లెక్కలు సులువవుతాయి. కానీ ఒకే జాబితా పుస్తకాలు శ్రీకాకుళం తీర గ్రామానికీ ఆదిలాబాదు అటవీ మండలానికీ వెళ్తాయి. శాఖా గ్రంథాలయాధికారికి తన దగ్గరికి రోజూ ఎవరు వస్తారో తెలుసు. ఇప్పుడు అక్కడ బల్లల నిండా కూర్చునేది పోటీ పరీక్షలకు చదివే యువతీయువకులు. వారికి కావలసినది ఈ ఏటి కరెంట్ అఫైర్స్, కొత్త సిలబస్ పుస్తకాలు. గిరాకీ, విలువల మధ్య సిద్ధాంత చర్చ ఇక్కడ నిత్యజీవిత సమస్య. పోటీ పరీక్షల పుస్తకం రెండేళ్లలో పాతబడుతుంది, కథల పుస్తకం యాభై ఏళ్లు నిలుస్తుంది, రెంటికీ డబ్బు ఒకే పద్దులోంచి రావాలి. శాఖా స్థాయిలో కొంత సొమ్మును అక్కడి గ్రంథాలయాధికారి విచక్షణకు వదిలిపెట్టడం ఈ వ్యాసకర్త దృష్టిలో అత్యవసరం. పాతూరి నాగభూషణం ప్రభృతులు 1935లో కృష్ణా డెల్టా కాలువపై పడవ గ్రంథాలయం నడిపినప్పుడు, పుస్తకాలు పాఠకుడి రేవుకే వెళ్లాయి. ఎవరికి ఏది కావాలో అక్కడే తెలిసేది.

చేరిక, స్టాకు తనిఖీ

కొన్న పుస్తకం బిల్లుతో సరిచూసి, యాక్సెషన్ రిజిస్టరులో వరుస సంఖ్యతో ఎక్కిస్తారు. ఆ సంఖ్య పడినప్పటి నుంచి అది ప్రభుత్వ లేదా సంస్థ ఆస్తి. వర్గీకరణ, సూచీకరణ, ముద్ర వేయడం, లేబుల్ అంటించడం తర్వాతి పనులు.

కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమాలు, 2017 ప్రకారం 20,000 సంపుటాల లోపు గ్రంథాలయాల్లో ఏటా పూర్తి తనిఖీ, 20,000 నుంచి 50,000 వరకు ఉన్నచోట మూడేళ్లకు ఒకసారైనా, అంతకు మించితే మూడేళ్లకు మించని వ్యవధిలో నమూనా తనిఖీ చేయాలి. ఏడాదిలో ఇచ్చిన లేదా సంప్రదించిన ప్రతి 1,000 సంపుటాలకు 5 పోవడం సహజ నష్టంగా ఒప్పుకోవచ్చని ఆ నియమాలే చెబుతాయి. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకమో, అరుదైన ప్రతో పోతే విచారణ తప్పదు. ఈ సడలింపు చాలామంది గ్రంథాలయ సిబ్బందికి తెలియకపోవడం పాఠకులకే నష్టం. పుస్తకం పోతే జీతంలోంచి కోత పడుతుందని భయపడే ఉద్యోగి, పుస్తకాలను బీరువాలో పెట్టి తాళం వేస్తాడు. పుస్తకాలు వాడుకోవడానికే అన్న మొదటి సూత్రం అక్కడే ఓడిపోతుంది.

మూల్యాంకనం

సంచయం ఎంత బాగుందో కొలవడానికి ప్రామాణిక జాబితాలతో పోల్చడం, పాఠకులను అడగడం, వాడకపు లెక్కలు తీయడం, ఉల్లేఖనలను విశ్లేషించడం అనే పద్ధతులున్నాయి. 1927లో గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరు పరిశోధకులు ఒక రసాయన శాస్త్ర పత్రికలోని పాదసూచికలను లెక్కపెట్టి, కళాశాలలు ఏ పత్రికలు తెప్పించాలో సూచించారు. ఉల్లేఖన విశ్లేషణకు అదే ఆరంభం. బ్రాడ్‌ఫర్డ్ 1934లో, ఒక విషయానికి సంబంధించిన వ్యాసాల్లో పెద్ద భాగం కొద్ది పత్రికల్లోనే ఉంటుందని, మిగిలినవి చాలా పత్రికల్లో పలచగా చెదిరి ఉంటాయని చూపాడు. ట్రూస్‌వెల్ 1969లో వాడకంలో 80 శాతం సంచయంలో 20 శాతం నుంచే వస్తుందని తేల్చాడు.

1979లో వెలువడిన పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయ అధ్యయనం అన్నింటికన్నా అలజడి రేపింది. 1969లో కొన్న పుస్తకాల్లో దాదాపు 40 శాతం ఆరేళ్లలో ఒక్కసారి కూడా ఎవరూ ఇంటికి తీసుకెళ్లలేదని అది లెక్కగట్టింది. గ్రంథాలయంలోనే కూర్చొని చదివే వాడకాన్ని సరిగా పట్టించుకోలేదని, పరిశోధన గ్రంథానికి ఆరేళ్లు చిన్న గడువని విమర్శలు వచ్చాయి. రెండు విమర్శలూ బలమైనవే. తెలుగు ప్రాంతాల శాఖా గ్రంథాలయాల్లో చదువు ఎక్కువగా అక్కడి బల్లల దగ్గరే సాగుతుంది కాబట్టి, ఇంటికిచ్చిన పుస్తకాల రిజిస్టరు ఒక్కదాన్నే నమ్ముకుంటే ఇక్కడ ఇంకా పెద్ద పొరపాటు జరుగుతుంది.

ఏరివేత

వాడకంలో లేని, తప్పుదారి పట్టించే, శిథిలమైన సామగ్రిని సంచయం నుంచి తొలగించడం ఏరివేత. గ్రంథాలయ వృద్ధి రెండు విధాలని రంగనాథన్ ఐదో సూత్రాన్ని వివరిస్తూ చెప్పారు. శిశువు పరిమాణంలో పెరుగుతుంది. పెద్దవారి శరీరం పరిమాణం మారకుండానే పాత కణాల చోట కొత్తవాటిని నింపుకుంటుంది. జాతీయ గ్రంథాలయం మొదటి విధంగా, సేవా గ్రంథాలయం రెండో విధంగా సాగాలి. బ్రిటన్‌లో 1976 నాటి ఆట్కిన్సన్ నివేదిక విశ్వవిద్యాలయాలకు దాదాపు ఇదే సూచన చేసింది, తీవ్రమైన నిరసన ఎదుర్కొంది.

స్టాన్లీ స్లోట్ 1975లో, పుస్తకం చివరిసారి కదిలి ఎంతకాలమైందన్నదే నమ్మదగిన కొలత అన్నాడు. టెక్సాస్‌లో జోసెఫ్ సెగల్ 1976లో రూపొందించిన క్రూ పద్ధతి మూడు అంశాలను కలుపుతుంది: పుస్తకం వయసు, చివరి వాడకం నుంచి గడచిన కాలం, దాని గుణదోషాలు. కంప్యూటర్ పుస్తకానికి మూడేళ్ల గడువు, సాహిత్యానికి వాడకమే గడువు, స్థానిక చరిత్రకు గడువే లేదు. పాత మందుల మోతాదులు చెప్పే పుస్తకాన్ని, రద్దయిన చట్టం వివరించే పుస్తకాన్ని అరలో ఉంచడం పాఠకుడికి అపకారమని ఈ పద్ధతి గుర్తుచేస్తుంది.

ఏరివేతకు ఎదురుగా నిలిచిన గ్రంథం నికొల్సన్ బేకర్ 2001లో రాసినది. మైక్రోఫిల్మ్ తీశామన్న ధీమాతో గ్రంథాలయాలు మూల వార్తాపత్రికల సంపుటాలను వదిలించుకోవడాన్ని అది తూర్పారబట్టింది. బ్రిటిష్ లైబ్రరీ 1999లో అమ్మిన అమెరికన్ పత్రికల సంపుటాలను బేకరే కొని కాపాడాడు. అవి 2004లో డ్యూక్ విశ్వవిద్యాలయానికి చేరాయి.

ఇంగ్లీషు పుస్తకాన్ని ఒక ఊరి గ్రంథాలయం ఏరివేస్తే ఇంకో వంద చోట్ల దొరుకుతుంది. వెయ్యి ప్రతులు అచ్చయిన 1950ల నాటి తెలుగు పుస్తకం విషయంలో అలా అనుకోవడానికి వీల్లేదు. ఏరివేతకు ముందు ఈ పుస్తకం ఇంకెక్కడైనా ఉందా అని చూసే నియమాన్ని ఆఖరి ప్రతి నియమం అంటారు. చిన్న ముద్రణల భాషలకు ఏరివేత విధానంలో మొదటి వాక్యంగా ఉండవలసినది ఇదే. శాఖా గ్రంథాలయం తాను ఉంచుకోలేని పాత తెలుగు పుస్తకాన్ని పాతకాగితాల వ్యాపారికి కాక జిల్లా కేంద్రానికో, విశ్వవిద్యాలయ గ్రంథాలయానికో పంపే దారి ఉంటే, శాఖకు స్థలమూ మిగులుతుంది, పుస్తకమూ మిగులుతుంది.

సంరక్షణ

పందొమ్మిదో శతాబ్ది చివరి నుంచి చెక్కగుజ్జుతో చేసిన కాగితంలోని ఆమ్లం పుటలను పెళుసుబారుస్తుంది. న్యూస్‌ప్రింట్‌పై అచ్చయిన పత్రికలు, చవక నవలలు అన్నింటికన్నా ముందు బలైపోతాయి. కోస్తా తేమ, చెదలు, వెండిచేప పురుగు, వానాకాలపు బూజు దీనికి తోడవుతాయి. ఆమ్లాన్ని తటస్థపరచడం, ధూపన చికిత్స, గాలి ఆడే అరలు పరిష్కారాలు. తాళపత్రాలకు నిమ్మగడ్డి నూనె రాయడం రాతప్రతుల గ్రంథాలయాల్లో వాడుకలో ఉంది. (చూ. తాళపత్రాలు, రాతప్రతుల సంరక్షణ)

ఎలక్ట్రానిక్ వనరులు

అచ్చు పుస్తకం కొంటే గ్రంథాలయం దానికి యజమాని. ఎలక్ట్రానిక్ పత్రికకో ఈ-పుస్తకానికో చెల్లించేది ఎక్కువగా లైసెన్సు రుసుము, చందా ఆగితే పాత సంచికలూ అందకపోవచ్చు. 1990ల మధ్య నుంచి పెద్ద ప్రచురణ సంస్థలు తమ పత్రికలన్నింటినీ ఒకే మూటగా అమ్మసాగాయి. మూటలోంచి అక్కర్లేనివాటిని తీసేయడానికి వీల్లేదు కాబట్టి, ఎంపిక గ్రంథాలయం చేతిలోంచి జారి ప్రచురణకర్త చేతికి వెళ్లింది. 2002లో మొదలైన కౌంటర్ సంస్థ వాడకపు లెక్కలకు ఉమ్మడి ప్రమాణాలు ఏర్పరచింది. హార్పర్‌కాలిన్స్ 2011లో ఒక ఈ-పుస్తకాన్ని 26 సార్లు ఎరువిచ్చాక మళ్లీ కొనాలనే షరతు పెట్టింది.

బేరమాడే శక్తి కోసం గ్రంథాలయాలు కూటములు కట్టాయి. భారతదేశంలో గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ ద్వారా నడిచిన ఈ-శోధ్‌సింధు అలాంటిది. కేంద్ర మంత్రిమండలి 2024 నవంబరు 25న ఆమోదించిన 'ఒకే దేశం ఒకే చందా' పథకం దాన్ని జాతీయ స్థాయికి విస్తరించింది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలతో 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలు 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు అందుతాయి. చిన్న పట్టణపు ప్రభుత్వ కళాశాల విద్యార్థికి ఇది పెద్ద మేలు. ఆ సొమ్ము విదేశీ ప్రచురణకర్తలకు చేరడం కంటే, పరిశోధనను ఉచితంగా అందరికీ తెరచే పద్ధతులకు వెచ్చించడం మంచిదనే విమర్శా ఉంది.

తెలుగు పుస్తకాల డిజిటలీకరణలో ముందడుగు కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి చొరవతో మొదలైన పది లక్షల పుస్తకాల పథకానికి అనుబంధంగా సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాది. 2000ల తొలి దశకంలో వేలాది పాత తెలుగు పుస్తకాలు స్కాన్ అయ్యాయి. తర్వాత ఆ సైటు మూతపడింది. స్కాన్ ప్రతుల్లో చాలా భాగం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతోంది. అవి లేకుండా ఈనాడు తెలుగు సాహిత్య చరిత్రపై పని చేయడం ఊహించలేం. అయితే వాటిలో పుటలు తప్పిపోయినవి, అంచులు తెగినవి, మసకబారినవి, శీర్షికలు తప్పుగా రోమన్ లిపిలోకి మారి వెతికితే దొరకనివి ఉన్నాయి. స్కాన్ ఉందని మూలప్రతిని అరలోంచి తీసే ముందు పుట తర్వాత పుట సరిచూడడం, తీసినా ఒక సహకార భాండాగారంలో ఆ ప్రతిని నిలిపి ఉంచడం నేటి తెలుగు గ్రంథాలయాల ముందున్న పని.